మిగిలిన కర్ర ముక్కలు కొత్తగా పెన్నులు చేసేవాళ్ళకు ఇవ్వాలంటే ఏం చూసుకోవాలి?

నాలుగేళ్ళుగా డబ్బా నిండా పోగైన ముక్కలను కొత్తగా లేత్ (కర్రను తిప్పుతూ ఉలితో చెక్కే మిషన్) కొన్న పిల్లలకు ఇద్దామనుకుంటున్నానని, ఏవి ఇవ్వాలో, పైసలు తీసుకోవాలో వద్దో చెప్పమని అడిగారు. తప్పకుండా ఇయ్యండన్నా. కాకపోతే డబ్బా డబ్బాగా ఎత్తి ఇచ్చేయకండి. నేను ఒకసారి అట్లాగే ఇచ్చి, ఒక పిల్లవాడు ఈ పనే మానేసేంత వరకు తెచ్చాను.

మాది నల్లగొండ. ఆ అబ్బాయిది నకిరేకల్ దగ్గర పల్లె, ఐటీఐలో టర్నర్ ట్రేడ్ చేశాడు. ఇనుము మీద చెయ్యి బాగా తిరిగినవాడే, కర్ర మాత్రం కొత్త. అప్పుడు నా దగ్గర చింత ముక్కలు బాగా ఉండేవి. గాలివానకు మా వీధి చివర చెట్టు పడితే, కోత మిషన్ ఆయన ముప్పావు ఇంచు బద్దలుగా కోసి ఇచ్చాడు. వాటిలోంచి ఇరవై ముక్కలు సంచిలో వేసి ఇచ్చాను. వారం తిరక్కముందే నాలుగు పెన్నులు చేసి ఫోటోలు పంపాడు, అద్దంలా ఉన్నాయి. నెల కూడా కాలేదు, ఫోన్ చేశాడు. "అన్నా, నాలుగూ పలిగినయి. నా చెయ్యే మంచిగ లేదు గావచ్చు."

తెచ్చి చూపించాడు. బీట ఈ కొస నుంచి ఆ కొస దాకా నిలువుగా పోయింది. గోరు పెడితే దిగుతుంది. రీఫిల్ పట్టడానికి కర్ర లోపల అతికించే ఇత్తడి గొట్టం సందులోంచి పచ్చగా కనబడుతోంది. చెయ్యి తప్పేమీ లేదు, కర్ర పచ్చిది. పచ్చి కర్రకు బెజ్జం వేసి గొట్టం అతికిస్తే, తర్వాత అది ఆరుతూ ముడుచుకుంటుంది. లోపలి ఇత్తడి ముడుచుకోదు. ఇక కర్రకు పలగడం తప్ప దారి లేదు. ఇది నాకు తెలిసిన సంగతే, ఇచ్చేటప్పుడు చూసుకోలేదు. కర్రలో ఉన్న దోషాన్ని ఆ అబ్బాయి తన మీద వేసుకొని అన్ని రోజులు లేత్ ముట్టలేదు. అది తలచుకుంటే ఇప్పటికీ మనసుకు కష్టంగా ఉంటుంది. మన చేతిలో పలిగితే కర్ర పచ్చిదని ఇట్టే తెలుస్తుంది. కొత్తవాళ్ళకు ఏది కర్ర తప్పో ఏది తమ తప్పో తెలియదు. అందుకే మన పెన్నుకు వాడుకోని ముక్క వాళ్ళకు ఇవ్వొద్దు.

ఆరిందో లేదో చూడటానికి నేను ఖరీదైన మీటర్లేమీ వాడను. వంటింటి డిజిటల్ కాంటా చాలు. ముక్క మీదనే పెన్సిల్‌తో తేదీ, బరువు రాస్తాను, వారానికోసారి తూస్తాను. ముప్పావు ఇంచు మందం, ఐదించుల పొడవున్న చింత ముక్క ఒకటి 54 గ్రాముల దగ్గర మొదలై, దిగుతూ దిగుతూ 43 దగ్గర ఆగింది. వరుసగా మూడు వారాలు అదే బరువు చూపించాకే ఇచ్చే డబ్బాలో వేశాను. మన దగ్గర మే నెల ఎండలు చూసి బయట పెడితే త్వరగా ఆరుతుందనుకుంటారు. పైపొర ఆరి లోపల పచ్చిగానే ఉంటుంది, కొసలు నెరలు విచ్చుతాయి. కొసలకు మైనమో పాత పెయింటో పూసి, గాలి ఆడే నీడలో పెట్టండి.

ఇక ఏ కర్ర అంటే, మొదటి పెన్నుకు పాత టేకును మించింది లేదు. మన పల్లెల్లో పెంకుటిండ్లు విప్పుతుంటే దర్వాజలు, దంతెలు పొయ్యిల కట్టెలకు పోతున్నాయి. ఏండ్ల తరబడి ఇంట్లోనే ఆరిన కర్ర అది, నార తిన్నగా ఉంటుంది, బెజ్జం సాఫుగా పడుతుంది. ఉలి అంచు మాత్రం త్వరగా మొద్దుబారుతుంది, టేకులో ఇసుక గుణం ఉంటుంది. నూనె కూడా ఉంటుంది కాబట్టి అతికించే ముందు బెజ్జం లోపల థిన్నరుతో తుడవమని చెప్పండి. పాత దర్వాజ కర్ర ఇచ్చేటప్పుడు మీరు చేయాల్సిన పనులు రెండున్నాయి. ఒకటి, పాత స్పీకరులోంచి తీసిన అయస్కాంతం నాలుగు వైపులా నిమరండి. లోపల విరిగి ఉండిపోయిన మేకు పిల్లవాడి డ్రిల్ బిట్టును విరగ్గొడుతుంది. రెండు, పాత రంగుల్లో సీసం ఉండొచ్చు. రంగున్న వైపు మీరే కోసి తీసేసి లోపలి కర్రే ఇవ్వండి, గరుకు కాగితంతో గీకొద్దు, ముక్కుకు మాస్కు పెట్టుకోండి.

టేకు తర్వాత వేప. అది మహాగనీ కుటుంబపు చెట్టే, మెరుగు పెడితే ఆ చాయ కనబడుతుంది. నల్లతుమ్మ చేవ అందంగా ఉంటుంది గానీ గట్టిది, నాలుగైదు పెన్నులు చేశాక ఇవ్వండి. చింత కూడా అంతే. నార అడ్డదిడ్డంగా పోతుంది కాబట్టి బిట్టును మాటిమాటికీ బయటికి తీసి పొట్టు దులపాలి, లేదంటే వేడికి లోపలే బీట పడుతుంది. సన్న బెజ్జాలుండి తడితే పిండి రాలే ముక్క ఎంత అందంగా ఉన్నా ఇవ్వకండి, వాళ్ళ దగ్గరున్న మంచి కర్రకు కూడా పురుగు పడుతుంది. ఎర్రచందనం, చందనం ముక్కలుంటే కాగితాలు లేకుండా ఎవరి చేతికీ ఇవ్వకండి, ఎవరి దగ్గరా తీసుకోకండి.

పది రకాలు ఒక్కొక్కటి ఇవ్వాలని మనకు ఉబలాటంగా ఉంటుంది. నా మాట విని ఒకే రకం ఆరు ఇవ్వండి. మొదటిది బెజ్జం దగ్గర పోతుంది, రెండోది ఉలి ఇరుక్కొని చిట్లుతుంది, మూడోది నిలబడుతుంది. కర్ర ఒకటే ఉంటే తన చెయ్యి ఎక్కడ మారిందో వాడికి తెలుస్తుంది. ప్రతి ముక్క మీదా కర్ర పేరు, ఎక్కడిది, ఎప్పుడు కోసింది, ఆఖరి బరువు ఎంత అని రాయండి. 7 మిల్లీమీటర్ల గొట్టం పట్టే సన్న పెన్నుకు పైనొకటి, కిందొకటి రెండు గొట్టాలు, ఒక్కోటి సుమారు 53 మిల్లీమీటర్ల పొడవు ఉంటుంది. ఐదించుల ముక్క రెండుగా కోస్తే సరిపోతుంది. కోసే ముందు ఒక పక్కన ఏటవాలుగా గీత గీసి పెట్టండి, మళ్ళీ కలిపేటప్పుడు పైదీ కిందిదీ తారుమారు కావు, నార గీతలు ఒకదానిలోంచి ఒకటి సాగుతాయి.

పైసల సంగతి: నేను కర్రకు తీసుకోను. ఆర్టీసీ కార్గోలో పంపితే ఆ ఖర్చు వాళ్ళదే. ఇచ్చే ముందు లేత్ ఏదో, కిట్టు (గొట్టాలు, క్లిప్పు లాంటి పెన్ను సామాను సెట్టు) ఏ సైజో అడుగుతాను. ఆ రెండూ చెప్పలేనివాళ్ళకు ముందు ఒక ఆదివారం మా ఇంటికి రమ్మంటాను. నకిరేకల్ అబ్బాయిని కూడా అట్లాగే మళ్ళీ పిలిచాను. మా తాత ఇంటి దర్వాజ టేకులోంచి ఆరు ముక్కలిచ్చి, మొదటిది నా పక్కన నిలబడే చేయించాను. ఆ పెన్ను ఇప్పటికీ వాడి జేబులోనే ఉంటుంది, బీట పడలేదు.

మీ డబ్బాలో ఇప్పటికే పలిగినవి కొన్ని ఉంటాయి. వాటిని వేరు చేయండి. చిన్న బీటైతే దానిలో కర్ర పొట్టు, ఫెవిక్విక్ నింపి మీరు వాడుకోవచ్చు. పెద్దదైతే పొయ్యిలోకే.