అమ్మాయి కనిపెట్టింది, హక్కు ఎవరిది?

ప్రశ్న: మాది చిత్తూరు. మావారు మామిడి గుజ్జు ఫ్యాక్టరీలో సూపర్‌వైజర్. మా పెద్దమ్మాయి అమెరికాలో పీహెచ్‌డీ ఆఖరి ఏడాదిలో ఉంది. నీళ్లలోంచి ఫ్లోరైడ్ లాగేసే పదార్థం ఒకటి ల్యాబ్‌లో తయారు చేసింది. ఉద్యోగం వద్దు, దాంతోనే కంపెనీ పెడతానంటోంది. స్టూడెంట్ వీసా మీదున్న పిల్ల, అక్కడ పెట్టనిస్తారా? మాకు ఒకటే టెన్షన్. వద్దని చెప్పమంటారా మేడమ్?
– ఒక తల్లి

జవాబు: వద్దని మాత్రం చెప్పకండమ్మా. అయితే వీసా కన్నా ముందు తేల్చుకోవాల్సింది ఒకటుంది. ఆ పదార్థం మీద హక్కు ఎవరిది? మీ అమ్మాయి చేతుల్లో పుట్టినా, చాలామటుకు అది యూనివర్సిటీదే అవుతుంది. ప్రభుత్వ గ్రాంటుతో కనిపెట్టినవాటిని యూనివర్సిటీలు తమ పేర ఉంచుకునే వీలు అమెరికాలో 1980 నాటి బై-డోల్ చట్టం ఇచ్చింది. వచ్చే రాయల్టీలో కనిపెట్టినవాళ్లకు వాటా ఇవ్వాలన్నదీ అందులోనే ఉంది. అంటే తను చేసినదానికి తనే యూనివర్సిటీని లైసెన్సు, అంటే వాడుకునే అనుమతి, అడిగి తెచ్చుకోవాలి.

శాస్త్రవేత్త కాటలిన్ కరికో గురించి అమ్మాయికి చెప్పండి. 1985లో హంగేరీ నుంచి భర్తతో, రెండేళ్ల కూతురితో ఫిలడెల్ఫియా వెళ్లారు. దేశం దాటించకూడని 900 పౌండ్లు పాప టెడ్డీబేర్‌లో దాచి కుట్టేశారు. తర్వాత పెన్సిల్వేనియా యూనివర్సిటీలో తోటి శాస్త్రవేత్త డ్రూ వైస్‌మన్‌తో కలిసి చేసిన, తర్వాత కోవిడ్ టీకాలకు దారితీసిన ఎంఆర్‌ఎన్‌ఏ పని 2005లో అచ్చయింది. ఇద్దరూ ఒక చిన్న కంపెనీ కూడా పెట్టారు. కానీ యూనివర్సిటీ ఆ లైసెన్సును వేరే సంస్థకు ఇచ్చేసింది. 2013లో ఆమె జర్మనీ కంపెనీ బయోన్‌టెక్‌లో చేరారు, 2023లో ఇద్దరికీ నోబెల్ వచ్చింది. ఆ బహుమతి కన్నా, సొంత పని మీద లైసెన్సు దక్కకపోవడమే నన్ను ఎక్కువ కలచివేస్తుంది. మీ అమ్మాయికి అలా కాకూడదు.

అందుకే థీసిస్ ఇవ్వకముందే, ఏ సదస్సులోనూ పరిశోధన వివరాల పోస్టర్ పెట్టకముందే, యూనివర్సిటీలో పేటెంట్లు చూసే ఆఫీసుకు వెళ్లమనండి. తిరుపతిలో నా దగ్గర చదివి విదేశం వెళ్లిన ఒకబ్బాయి పోస్టర్‌లో అంతా చూపించేసి, ఆ తర్వాత పేటెంట్ కోసం వెళ్లాడు. బయటపెట్టాక కూడా అమెరికాలో ఏడాది గడువుంటుంది. యూరప్‌లో అలాంటి గడువు లేక అక్కడ చేజారింది.

ఇక వీసా. చదువుతుండగా కంపెనీలో వాటా ఉండొచ్చు, అనుమతి లేకుండా అందులో పని చేయకూడదు. డిగ్రీ అయ్యాక ఓపీటీ (స్టూడెంట్ వీసా మీదే కొంతకాలం పనిచేసుకునే అనుమతి) కింద 12 నెలలు, తన చదువుకు సంబంధించినదైతే, సొంత కంపెనీ నడుపుకోవచ్చు. సైన్స్ వాళ్లకిచ్చే మరో 24 నెలల్లో మాత్రం తన మీద తనే బాస్ అంటే ఒప్పుకోరు. పైన అజమాయిషీ చేసే మనిషి నిజంగా ఉండాలి. అందుకే అలాంటి భాగస్వామిని ఇప్పుడే వెతుక్కోవాలి. సంతకాలు పెట్టేముందు ఇమిగ్రేషన్ లాయర్‌కు ఒకసారి చూపించాలి, ఆ ఫీజుకు వెనకాడొద్దు.

ఇంకొకటి. ఫ్లోరైడ్ నీళ్ల బాధ నల్గొండ, ప్రకాశం ప్రజలకు బాగా తెలుసు. ఆ పదార్థానికి మన దేశంలోనూ పేటెంట్ కావాలంటే, అమెరికాలో దరఖాస్తు వేసిన 12 నెలల్లోపు ఇక్కడ వేయాలి, లేదా పీసీటీ (చాలా దేశాలకు కలిపి ఒకే దరఖాస్తు వేసే అంతర్జాతీయ పద్ధతి) దారిలో వెళ్లాలి. ఆ ఖర్చు యూనివర్సిటీ పెట్టుకుంటుందా లేదా, అది కూడా ఆ ఆఫీసులోనే అడగమనండి.