బలి గొర్రెను రోమన్లు ‘బిడెన్స్’ అని ఎందుకన్నారు?

“రోమన్ కవి వర్జిల్ రాసిన ‘ఈనియడ్’ కావ్యంలో బలి గొర్రెలకు ‘బిడెన్స్’, అంటే రెండు పళ్ళవి, అనే విశేషణం ఎందుకు? గొర్రెకు రెండే పళ్ళుంటాయా?” అని అడిగారు.

మాది గొర్రెల కాపరుల ఇల్లు. దీనికి నిఘంటువు అక్కర్లేదు, గొర్రె నోరు చూస్తే చాలు.

ఓసారి ఎల్లమ్మ మొక్కుకు పొట్టేలు కొనడానికి తాతతో సంతకు పోయాను. “ఏడాదిన్నరది పెద్దయ్యా, ఎత్తు చూడు” అన్నాడు అమ్మేవాడు. తాత ఎత్తు చూడలేదు. పొట్టేలును మోకాళ్ళ మధ్య ఇరికించి, బొటనవేలితో కింది పెదవి వంచాడు. అన్నీ సన్నటి పాలపళ్ళే. “మేత మంచిగుంటే ఎత్తొస్తది గని పళ్ళొస్తయా?” అని వదిలేశాడు. పక్క మందలో ఇంకోదాని నోరు తెరిచి నన్ను పిలిచాడు. ముందు నడుమ రెండు పళ్ళు వెడల్పుగా, పొడుగ్గా, అటూ ఇటూ ఇంకా పాలపళ్ళు. దాన్నే కొన్నాం.

గొర్రెకు ముందుపళ్ళు ఎనిమిది, అన్నీ కింది దవడకే. ఏడాది దాటాక, దాదాపు ఏడాదిన్నరలోపు, నడిమి జత రాలి పెద్దవి వస్తాయి. రోమన్లు పాలు తాగే పిల్లలను, ఎదిగినవాటిని బలికి వేరుగా లెక్కపెట్టేవారు. కాపరి పుట్టిన రోజు రాసుకోడు కదా, ఎదిగిందనడానికి రుజువు నోట్లోనే ఉంటుంది. ఆ విశేషణం బలికి అతుక్కున్నది అందుకే. నాకు ఇందులో సందేహం లేదు.

2వ శతాబ్దంలో రోమన్ రచయిత ఆలస్ గెల్లియస్ ఇటలీలోని బ్రుండిసియం రేవులో ఒక పంతులును ఇదే అడిగాడు. గొర్రెలన్నిటికీ రెండే పళ్ళన్నాడు పంతులు. నిలదీస్తే, గొర్రె పళ్ళ సంగతి కాపరులను అడగమన్నాడు. గెల్లియస్ నవ్వి వెళ్ళిపోయాడు గానీ, పంతులు చెప్పినదాంట్లో ఆ ఒక్క సలహా మాత్రం సరైనది. గెల్లియస్ ఇద్దరు పాత రోమన్ పండితుల మాటలూ చెప్పాడు. బలికిచ్చే రెండేళ్ళ పశువు ఏదైనా బిడెన్సే అన్న నిగిడియస్ మాట నేను ఒప్పుకోను. రెండు పళ్ళు మిగతావాటికంటే పొడుగ్గా ఉన్నది అన్న హైజీనస్‌కు మంద తెలుసు.

నాకు కోపం తెప్పించేది ‘బలిపశువు’ అని ఒక్క ముక్క రాసి దాటిపోయే వ్యాఖ్యానాలు. ఈనియడ్ 4వ సర్గలో కార్తేజ్ రాణి డైడో, ఆమె చెల్లెలు బలిచ్చేవి ఆచారం ప్రకారం ‘ఏరిన’ బిడెన్స్ అని వర్జిల్ స్పష్టంగా చెప్పాడు. ఏరినవాడు పెదవి వంచి చూడకుండా ఎలా ఏరతాడు?

ఆసక్తి ఉంటే ‘బిడెంటల్’ గురించి కూడా చదవండి. పిడుగు పడిన చోట బిడెన్స్‌ను బలిచ్చి, చుట్టూ కట్టడం కట్టి, ఎవరూ తొక్కకుండా ఉంచిన స్థలానికి రోమన్లు పెట్టుకున్న పేరు అది.