ఒకే కప్పు కింద లాటినూ, లేతూ

ప్రశ్న: టీచరుగారూ, అమెరికాలో మా అబ్బాయి పక్కింటి పెద్దాయన 1957లో హైస్కూలు ముగించాడు. లాటిన్, జామెట్రీ చదివిన బళ్లోనే వడ్రంగమూ నేర్చుకున్నానని, అప్పుడు చేసిన స్టూలు చూపించాడు. ఆయన భార్య అదే బళ్లో టైపు, షార్ట్‌హ్యాండ్, వంట నేర్చుకుందట. అది మన ఐటీఐ లాంటిదా? ఎవరేం చదవాలో ఎవరు చెప్పేవారు?
– ఒక పాఠకురాలు, తెనాలి

జవాబు: ఐటీఐ కాదమ్మా. మనకు ఐటీఐ అంటే హైస్కూలు గేటు దాటాక పట్టే దారి. అక్కడ అన్నీ ఒకే గేటు లోపలే. దానికి కాంప్రిహెన్సివ్ హైస్కూల్ అని పేరు. రెండో పీరియడ్‌లో సీజర్ యుద్ధాలు లాటిన్‌లో చదివినవాడే నాలుగో పీరియడ్‌కి చొక్కా చేతులు పైకి మడిచి రంపం దగ్గర నిలబడేవాడు. నేను అమెరికాలోని ఒహాయో రాష్ట్రంలో లెక్కలు చెప్పడానికి చేరేనాటికి మా స్టాఫ్‌రూమ్‌లో చాలామంది అలా చదివొచ్చినవాళ్లే.

1917లో వచ్చిన స్మిత్-హ్యూస్ చట్టంతో వ్యవసాయం, వృత్తివిద్య, గృహవిజ్ఞానం చెప్పడానికి ఢిల్లీలా వాళ్ల వాషింగ్టన్ నుంచి బళ్లకు డబ్బు రావడం మొదలైంది. అది ఉద్యోగానికి తయారుచేసే చదువు. మీ అబ్బాయి పక్కింటాయన స్టూలు మాత్రం బహుశా ఇండస్ట్రియల్ ఆర్ట్స్ అనే మామూలు షాప్, అంటే వర్క్‌షాప్, క్లాసులోది. వడ్రంగి అవ్వాలని కాదు, పనిముట్టు పట్టుకోవడం ప్రతి కుర్రాడికీ రావాలని పెట్టింది. ముందు టీ-స్క్వేర్ అనే T ఆకారపు స్కేలుతో కాగితం మీద బొమ్మ గీయాలి, జాగ్రత్తల పరీక్ష పాసవ్వాలి, ఆ తర్వాతే యంత్రం మీద చెయ్యి.

ఆ క్లాసులో నాకు నచ్చే సంగతి ఒకటుంది, లెక్కల మనిషిని కదా. పన్నెండంగుళాల చెక్కను నాలుగు సమాన ముక్కలు చెయ్యమంటే నా క్లాసులో అందరూ తలా మూడంగుళాలు అనేవాళ్లు. షాప్‌లో అలా గుర్తు పెట్టుకుంటూ కోస్తే చివరి ముక్క పొట్టిగా వస్తుంది. రంపం కోత వెడల్పు 1/8 అంగుళం అనుకోండి. మూడు కోతలకు 3/8 అంగుళం పొట్టుగా రాలిపోతుంది. మిగిలేది 11 5/8. దాన్ని నాలుగుతో భాగిస్తే ఒక్కో ముక్క 2 29/32 అంగుళాలు. భిన్నాలంటే పారిపోయే పిల్లలు చిత్రిక పక్కన నిలబడి ఈ లెక్క వేసేవాళ్లు, ఎందుకంటే చెక్క పాడైతే డబ్బులు వాళ్ల జేబులోంచే పోయేవి.

ఇక టైపు. మన ఊళ్లలో లోయర్, హయ్యర్ పరీక్షలకు ఇన్‌స్టిట్యూట్‌కి వెళ్లి నేర్చుకునేదాన్ని వాళ్లకు బళ్లోనే, గంట కొట్టగానే మొదలయ్యే క్లాసుగా చెప్పేవారు. కొన్నిచోట్ల మీటల మీద అక్షరాలే ఉండేవి కావు. గోడ మీది పటం చూస్తూ ఎ, ఎస్, డి, ఎఫ్ అని టీచరు పలుకుతుంటే క్లాసంతా ఒకే లయలో కొట్టాలి. వరస చివర గంట మోగగానే గదిలోని టైపుమిషన్లలో కాగితాన్ని మోసే క్యారేజీలన్నీ ఒక్కసారి వెనక్కి. కాలేజీకి వెళ్లేవాళ్లూ, గుమాస్తాలయ్యేవాళ్లూ పక్కపక్కన కూర్చున్న గది ఎక్కువచోట్ల ఇదొక్కటే అనిపిస్తుంది నాకు.

ఇక ఎవరేం చదవాలో ఎవరు చెప్పేవారని అడిగారు. కాగితం మీదైతే పిల్లలే ఎంచుకునేవారు. నిజానికి ఏం చదవాలో సలహా చెప్పే గైడెన్స్ కౌన్సెలర్, పరీక్ష మార్కులు, నాన్న చేసే పని, ఈ మూడూ కలిసి ఎంచేవి. కాలేజీ ప్రిపరేటరీ, కమర్షియల్, జనరల్ అని దారులుండేవి. చాలా స్కూళ్లలో ఏటా పిల్లల ఫొటోలతో వేసే ఇయర్‌బుక్‌లో ఫొటో కిందే ఆ మాట అచ్చేసేవారు. ఆడపిల్లలకు షాప్ లేదు, మగపిల్లలకు వంట లేదు. బళ్లలో ఆడామగా తేడా చూపకూడదన్న టైటిల్ నైన్ చట్టం 1972లో వచ్చాకే ఆ తలుపులు తెరుచుకున్నాయి. రంగును బట్టి, ఇంటి భాషను బట్టి నెట్టడమూ ఉంది. 1968 మార్చిలో తూర్పు లాస్ ఏంజెలెస్‌లో మెక్సికన్ అమెరికన్ పిల్లలు వేలమంది క్లాసులు వదిలి వీధిలోకొచ్చారు. మమ్మల్ని కాలేజీ వైపు కాక చేతిపనుల వైపే తోస్తున్నారన్నది వాళ్ల ఫిర్యాదుల్లో ఒకటి. చేతిపని మీద నాకు గౌరవమే. కానీ మీ అబ్బాయి పక్కింటాయనకు లాటిన్ కూడా దక్కింది కాబట్టి ఆ స్టూలు ఆయనకు ముద్దు.

ప్రశ్న: వంటలూ వడ్రంగాలూ పెట్టబట్టే రష్యా స్పుత్నిక్ అనే ఉపగ్రహంతో ముందుకెళ్లిందని అమెరికావాళ్లు గోలపెట్టారట, నిజమేనా?
– ఒక పాఠకుడు, ఖమ్మం

జవాబు: గోల నిజం. కారణం అదేనంటే నేనొప్పుకోను. 1957 అక్టోబరు 4న స్పుత్నిక్ ఎగిరింది. మరుసటి ఏడాదే సైన్సు, లెక్కలు, విదేశీ భాషలకు డబ్బిచ్చే జాతీయ రక్షణ విద్యా చట్టం వచ్చింది. హార్వర్డ్‌కు అధ్యక్షుడిగా చేసిన రసాయనశాస్త్రవేత్త జేమ్స్ కోనంట్ ఎన్నో బళ్లు తిరిగి 1959లో నివేదిక రాశాడు. షాప్‌లు మూసెయ్యమనలేదాయన. చదువులో చురుకైన పిల్లలకు నాలుగేళ్లూ లెక్కలు చెప్పమన్నాడు. పన్నెండో తరగతిలో ప్రభుత్వం గురించిన క్లాసులో మాత్రం అన్ని దారుల పిల్లలూ కలిసి కూర్చోవాలన్నాడు. ఏటా కనీసం వందమందైనా ముగించి వెళ్లని చిన్న బడి ఇన్ని రకాలు నడపలేదనీ చెప్పాడు. అది పచ్చి నిజం. కొయ్యనో ఇనుమునో తిప్పుతూ చెక్కే లేత్ యంత్రం కొనడం ఒక ఎత్తు, దాని ముందు నిలబడి నేర్పే మనిషిని తేవడం ఇంకో ఎత్తు.

ప్రశ్న: నేను 1960లలో మల్టీపర్పస్ హైస్కూల్‌లో చదివాను. అది కూడా అక్కడి నుంచి వచ్చిందేనా?
– ఒక విశ్రాంత ఉద్యోగి, ఏలూరు

జవాబు: పూర్తిగా కాదుగానీ చుట్టరికం ఉంది. మల్టీపర్పస్ బళ్లు పెట్టమన్నది మన దేశంలో హైస్కూలు చదువు మీద వేసిన 1952-53 నాటి మొదలియార్ కమిషన్. అందులో అట్లాంటా నుంచి వచ్చిన కెనెత్ రాస్ట్ విలియమ్స్ అనే అమెరికన్ ఒక సభ్యుడు. మానవీయ శాస్త్రాలు, సైన్సు, సాంకేతికం, వాణిజ్యం, వ్యవసాయం, లలితకళలు, గృహవిజ్ఞానం అని ఏడు శాఖలు చెప్పారు. ఒకే బళ్లో అన్నీ అన్న ఊహ అక్కడిదీ ఇక్కడిదీ ఒకటే. తర్వాత 1966లో కొఠారీ కమిషన్ అనే మరో విద్యా కమిషన్ పదో తరగతి దాకా శాఖలు వద్దంది, దాంతో ఆ దారి మూసుకుంది. మీది ఏ శాఖో ఉత్తరంలో రాయలేదు. సాంకేతికమైతే లేత్ ముట్టుకోనిచ్చారా, లేక బీరువాలోని గ్లోబులా చూసి రమ్మన్నారా? రాయండి, వచ్చే నెల వేస్తాను.