ఆర్కైవ్‌లో తెలుగు పుస్తకాలు దొరకట్లేదా? స్పెల్లింగ్ మార్చి చూడండి

నమస్కారమండి. ఇంటర్నెట్ ఆర్కైవ్ అనే ఉచిత ఆన్‌లైన్ గ్రంథాలయంలో (archive.org) తెలుగు లిపిలో టైప్ చేస్తే పాత డిటెక్టివ్ నవలలు గానీ, మీ అమ్మాయి ఎంఏకి కావలసిన చరిత్ర పుస్తకాలు గానీ రావడం లేదన్నారు కదా. పుస్తకాలు చాలానే ఉన్నాయి, వాటి పేర్లే ఎక్కువగా ఇంగ్లిష్ అక్షరాల్లో ఉన్నాయి. డిజిటల్ లైబ్రరీ ఆఫ్ ఇండియా అనే ప్రభుత్వ ప్రాజెక్టు స్కాన్ చేయించిన తెలుగు పుస్తకాలు వేలల్లో అక్కడికి చేరాయి. వివరాలు ఎక్కించినవాళ్లు మాత్రం ఎవరికి తోచిన స్పెల్లింగ్ వాళ్లు రాసేశారు.

అందుకని పూర్తి పేరు కొట్టకండి. సురవరం ప్రతాపరెడ్డి 'ఆంధ్రుల సాంఘిక చరిత్ర' కావాలనుకోండి, 'సాంఘిక' అన్న ఒక్క మాటే ఇంగ్లిష్ అక్షరాల్లో వెతకండి. దీర్ఘానికి ఒకసారి ఒక 'ఎ', ఇంకోసారి రెండు పెట్టండి. 'చరిత్ర' దొరక్కపోతే 'చరిత్రము' అని చూడండి. రచయిత ఇంటిపేరుతో ఇంకా త్వరగా తేలొచ్చు. నవలలకైతే 'డిటెక్టివ్' అని కొట్టి, పక్కనున్న ఫిల్టర్లలో భాష తెలుగు పెట్టుకుంటే చాలు. తర్వాత తీరిగ్గా జల్లెడ పట్టడమే, అదీ ఒక సరదా!

డౌన్‌లోడ్ చేసే ముందు లోపలి పేజీలు తిప్పి చూడండి. పైన ఒక పేరు, లోపల ఇంకో పుస్తకం ఉండే సందర్భాలున్నాయి. పేజీలు మాయమైతే టెన్షన్ పడకండి, అదే పుస్తకానికి మరో స్కాన్ ఉందేమో వెతకండి. టైపు చేసిన పాఠం కావాలంటే తెలుగు వికీసోర్స్ మేలు.

మీ అమ్మాయికి ఒక మాట చెప్పండి: ముద్రణ సంవత్సరం సైట్‌లో ఉన్నది కాకుండా పుస్తకం మొదటి పేజీల్లో చూసి రాసుకోమనండి.