ఎక్కి తిరిగేది తక్కువ, నిలబడి చూసుకునేది ఎక్కువ

"అంత డబ్బు పోసి స్పోర్ట్స్ కారు కొనేవాళ్లకి అందులో ఏం ఆనందం దొరుకుతుంది, మన విజయవాడ, గుంటూరు రోడ్ల మీద అది ఏం పనికొస్తుంది?" అని అడిగారు. పనికొస్తుందా అంటే రాదు. ఆ మాట ముందే ఒప్పేసుకుంటే మిగతాది హాయిగా మాట్లాడుకోవచ్చు.

మాది గుంటూరు, మిర్చి కోల్డ్ స్టోరేజీ వ్యాపారం. నా దగ్గరున్నది పోర్షే కేమన్, 2014 మోడల్, హైదరాబాదులో ఒకాయన దగ్గర సెకండ్ హ్యాండ్‌లో తీసుకున్నాను. రెండే సీట్లు. ఆ డబ్బుతో మా వీధిలో రెండు బెడ్‌రూముల ఫ్లాటు వచ్చేది, అమరావతి వైపు స్థలమూ వచ్చేది, ఈ సంగతి మా బంధువుల్లో ప్రతి ఒక్కరూ కనీసం రెండుసార్లు చెప్పారు కాబట్టి మీరు మళ్లీ చెప్పనక్కర్లేదు.

ఈ పిచ్చి ఇవాల్టిది కాదు. ఇంజనీరింగ్ చదివే రోజుల్లో విజయవాడ లెనిన్ సెంటర్‌లో పాత పుస్తకాల షాపుల్లో విదేశీ కార్ల పత్రికలు పది, పదిహేను రూపాయలకి దొరికేవి. ఒకదాన్లో పోర్షే వాళ్లదే 911 అనే కారు బొమ్మ రెండు పేజీల నిండా ఉంది. ఆ కారుని 1963లో ఫ్రాంక్‌ఫర్ట్ ఆటో షోలో 901 అని చూపించారట, మధ్యలో సున్నా ఉండే మూడంకెల పేర్లు మావి అని పెజో అనే ఫ్రెంచి కార్ల కంపెనీ వాళ్లు అడ్డం పడితే సున్నా తీసేసి ఒకటి పెట్టి 911 చేశారట. ఇలాంటివన్నీ సెమిస్టర్ పాఠాల కంటే బాగా గుర్తుండేవి. ఆ బొమ్మ నాలుగేళ్లు హాస్టల్ గోడ మీదే ఉంది. నిజం చెప్పాలంటే ఆ నాలుగేళ్ల సంతోషానికీ ఇప్పటిదానికీ పెద్ద తేడా లేదు, అప్పుడు ఈఎంఐ ఉండేది కాదు, అంతే.

911 కొనే స్తోమత లేదు కాబట్టి కేమన్. పాతదే ఎందుకంటే ఇంజను కోసం. ఇందులో 2.7 లీటర్లు, ఆరు సిలిండర్లు, గాలిని బలవంతంగా లోపలికి నెట్టే టర్బో లేదు, 275 హార్స్‌పవర్. 2016లో కేమన్ పేరు ముందు 718 అని చేర్చి నాలుగు సిలిండర్ల టర్బో పెట్టారు, తర్వాత ఖరీదైన వేరియంట్లలో ఆరు మళ్లీ తెచ్చారనుకోండి, అవి నా లెక్కలోకి రావు. ఆరు సిలిండర్లూ నిలువుగా కాకుండా అటు మూడు ఇటు మూడు పడుకుని ఉంటాయి. పిస్టన్లు పిడికిళ్లతో ఎదురెదురుగా గుద్దుకుంటున్నట్టు ఆడతాయి, ఒకదాని అదురు ఇంకోటి మింగేస్తుంది, అందుకే బాక్సర్ ఇంజను అంటారు. అది సీట్ల వెనకే ఉంటుంది, మీ వీపుకీ దానికీ మధ్య ఒక గోడ అంతే.

కారు ఇంటికి తెచ్చిన రోజు నాన్న "ఇంజను చూపించరా" అన్నాడు. ముందు బానెట్ ఎత్తాను, లోపల సామాన్లు పెట్టుకునే గుంట. వెనక డోరెత్తాను, అక్కడా సామాన్ల చోటే. ఆయన ఒకసారి ముందుకెళ్లి, మళ్లీ వెనక్కొచ్చి, "ఇంజను తర్వాత పంపిస్తామన్నారా?" అన్నాడు. అది ఆ రెంటి మధ్యలో మూతల కింద ఉంటుందనీ, మామూలుగా ఎత్తి చూడటానికి కుదరదనీ చెప్తే ఏమీ అనకుండా లోపలికెళ్లి మజ్జిగ తాగాడు.

ఇక నడపడం. ఆదివారం తెల్లవారుజామున ఐదింటికి హైవే ఎక్కి, కాజ టోల్‌గేటు, మంగళగిరి దాటి వారధి దాకా వెళ్లి తిరిగొస్తాను. స్పీడు కోసం కాదు, ఎనభైలోనే వెళ్తాను. పక్కన వంతెన గోడ వచ్చినప్పుడు కిటికీ దింపి ఒక గేరు తగ్గిస్తే, ఆ శబ్దం గోడకి కొట్టుకుని మెడ వెనక నుంచి చెవుల్లోకి వస్తుంది చూడండీ, దాన్ని రాతలో పెట్టడం నావల్ల కాదు. ఆ రెండు నిమిషాల కోసమే మిగతా వారమంతా భరించేది. భరించేవి తక్కువేం కాదు: స్పీడ్ బ్రేకర్‌ని ఎప్పుడూ కోణంలోనే దాటాలి, దాటేటప్పుడు ఊపిరి బిగబట్టాలి, సర్వీసుకి హైదరాబాదు పంపాలి, ఒకసారి చిన్న సెన్సార్ పోతే మూడు వారాలు అక్కడే ఉంచుకున్నారు. బెంజి సర్కిల్‌లో ఆగితే పక్క ఆటో అన్న తల బయటపెట్టి "మైలేజీ ఎంతన్నా?" అంటాడు. సిటీలో ఏడెనిమిది అని చెప్తే నావైపు చూసే చూపు, ఇంట్లో ఎవరైనా పోయినవాణ్ణి చూసినట్టుంటుంది.

కానీ మీరడిగిన ఆనందం ఎక్కువ భాగం నడపడంలో లేదు. లోపల కూర్చున్నవాడికి కారు కనపడదు కదా! బయట టీ కొట్టు దగ్గర నిలబడ్డవాడికే నాకంటే ఎక్కువ దక్కుతుంది. అందుకే, సిగ్గు విడిచి చెప్తున్నాను, బందరు రోడ్డులో నగల షాపుల పెద్ద అద్దాల పక్కన కావాలనే నెమ్మదిగా పోనిస్తాను, అద్దంలో నా కారు నాకు కనపడుతుందని. పార్క్ చేసి పది అడుగులు వేశాక వెనక్కి తిరిగి చూడకుండా ఇప్పటివరకు ఒక్కసారీ ఇంట్లోకి వెళ్లలేదు. వెనక చక్రం పైన రేకు ఉబ్బి మళ్లీ నడుము దగ్గర లోపలికి పోయే ఆ ఒంపు మీద పొద్దున మంచు పడితే, బొట్లు పైనుంచి జారుతూ ఆ ఒంపు దగ్గరికొచ్చి దారి మార్చుకుంటాయి. చలికాలం టీ గ్లాసు పట్టుకుని అక్కడే నిలబడిపోతాను. మా ఆవిడ ఎగతాళి చేస్తే ఒకటే అడిగాను, లాకర్లో ఉన్న కాసులపేరు ఏడాదికి ఎన్నిసార్లు వేసుకుంటావు, ఎన్నిసార్లు తీసి చూసుకుంటావు అని. అప్పటి నుంచి ఆ విషయం ఎత్తలేదు.

కొనాలా వద్దా అని మాత్రం నన్ను అడక్కండి, నేను న్యాయంగా చెప్పలేను. నాన్న ఇప్పటికీ దాన్ని "ఆ డబ్బా" అనే అంటాడు, ఒక్కసారీ ఎక్కలేదు, మోకాళ్ల నొప్పులకి అంత కిందకి వంగలేనంటాడు. మొన్న ఆరింటికి లేచి వరండాలోకి వస్తే, కారు కవరు ఒక మూల ఎత్తి పట్టుకుని నిలబడున్నాడు. నన్ను చూసి కవరు వదిలేసి, "దుమ్ము పడిందేమోనని చూస్తున్నా" అన్నాడు. కవరు కింద దుమ్మేం పడుతుంది!