రెండు రీజియన్ల క్లౌడ్ కోర్సుకు అప్పు చేయాలా?

ప్రశ్న: మా వాడు ఈసీఈ పూర్తి చేసి ఏడాదయింది. బెంగళూరు మారతహళ్లిలో పీజీలో ఉంటున్నాడు. ‘మల్టీ రీజియన్ క్లౌడ్ ఆర్కిటెక్ట్’ కోర్సుకు లక్షా ఇరవై వేలు కావాలంటున్నాడు. జావా నేర్చుకోమంటే వినడు. ముంబైలో, హైదరాబాద్‌లో ఒకే యాప్ పెట్టి రెండింటికీ ఒకే లాగిన్ కుదిర్చానంటాడు. మా ఆడపడుచు కొడుకు అప్పుడే ఉద్యోగంలో చేరాడు. క్లౌడా, జావానా? – ఒక తల్లి, హిందూపురం

జవాబు: అమ్మా, ముందు మీ ఆడపడుచు గారి అబ్బాయిని పక్కన పెడదాం. మారతహళ్లి పీజీల నుంచి నా దగ్గరికి వచ్చే పిల్లల్లో ఏడాది గ్యాప్ ఉన్నవాళ్లు చాలామందే. ఏడాదికే ఏమీ చేజారిపోదు. పైగా మీ వాడు ఖాళీగా కూర్చోలేదు.

ఆ కోర్సుకు మాత్రం అప్పు చేయకండి. క్లౌడ్ అంటే ఇంటర్నెట్ ద్వారా అద్దెకు దొరికే కంప్యూటర్లు, రీజియన్ అంటే ఆ కంప్యూటర్ల డేటా సెంటర్లు ఉన్న ప్రాంతం. ఆర్కిటెక్ట్ అనే మాట కోర్సుతో రాదు. రెండు రీజియన్ల వ్యవస్థను ఫ్రెషర్ చేతిలో పెట్టే కంపెనీని నేను ఇంతవరకు చూడలేదు. అసలు అందరికీ అది అవసరమూ లేదు. అమెజాన్ క్లౌడ్ ముంబై రీజియన్‌లోనే మూడు అవైలబిలిటీ జోన్లున్నాయి, అంటే ఒకటి ఆగినా మిగతావి నడిచేలా విడివిడిగా కట్టిన డేటా సెంటర్ల గుంపులు. చాలామందికి అవి చాలు. రెండో రీజియన్ అంటే ఖర్చు పెరుగుతుంది, డేటా రెండుచోట్లా సరిపోలుతోందా అని నిత్యం చూసుకోవాలి. చెల్లింపుల డేటా దేశంలోనే ఉంచాలని 2018లో రిజర్వ్ బ్యాంక్ చెప్పింది కాబట్టి, అలాంటి కంపెనీలకు దేశంలోనే రెండో రీజియన్‌గా 2022 నవంబరులో అమెజాన్ తెరిచిన హైదరాబాద్ రీజియన్ బాగా పనికొస్తుంది. ఆ పని చేసేది ఏళ్ల అనుభవం ఉన్నవాళ్లు.

మీ ఉత్తరంలో బంగారం లాంటి మాట ఒకే లాగిన్. దాన్ని మీరు ఒక్క వాక్యంలో దాటేశారు. సిటీ బస్సులో కండక్టరు పాస్ చూసి, ముద్ర సరిగా ఉంటే ఎక్కనిస్తాడు, ప్రతిసారీ డిపోకి ఫోన్ చేయడు. లాగిన్ అయ్యాక ఇచ్చే, డిజిటల్ సంతకం చేసిన టోకెన్ కూడా అలాంటి పాసే. దాన్ని పబ్లిక్ కీతో, అంటే ఆ సంతకం అసలుదేనా అని చూసే తాళంచెవితో, ఏ రీజియన్ అయినా అలాగే సరిచూసుకోగలదు. చిక్కల్లా పాస్ పోయినప్పుడే. గడువు తీరేదాకా అది దొంగ చేతిలోనూ చెల్లుతుంది. ఇంకొకటి, పాస్‌లిచ్చే కౌంటరు ముంబైలో ఒక్కటే ఉంటే? ముంబై ఆగిన రోజు హైదరాబాద్ నడుస్తున్నా కొత్తగా ఎవరూ లోపలికి రాలేరు. 2025 అక్టోబరు 20న అమెజాన్ వర్జీనియా రీజియన్‌లో డీఎన్‌ఎస్ (పేర్లను ఇంటర్నెట్ చిరునామాలుగా మార్చే వ్యవస్థ) లోపం వస్తే, దాని మీద ఆధారపడిన సేవల వల్ల వేరే రీజియన్ల వాళ్లకూ ఇబ్బందయింది. మీ అబ్బాయి దీనికి జవాబు చెప్పగలిగితే, ఏ కోర్సూ ఇవ్వనిది అతని దగ్గర ఇప్పటికే ఉంది.

కోపం తెచ్చుకోకండి, ఒక మాట గట్టిగానే అంటాను. ఫీజు ఎంతో మీకు తెలుసు, ఆడపడుచు కొడుకు సంగతి తెలుసు, మీ వాడు కట్టిన యాప్ ఏమిటో తెలియదు. అది ఏ ప్రోగ్రామింగ్ భాషలో రాశాడో కూడా మీరు రాయలేదు. జావాలోనే రాసి ఉంటే మీ పోలికకు అర్థమే లేదు. కాకపోయినా ఫర్వాలేదు. లైనక్స్, నెట్‌వర్కింగ్, ఒక భాష గట్టిగా వస్తే సపోర్ట్‌లోనో డెవలప్‌మెంట్‌లోనో చేరి, తర్వాత క్లౌడ్ వైపు వెళ్లొచ్చు.

వచ్చే ఆదివారం అతన్ని ఇంటికి రమ్మనండి. ఫీజు మాట ఎత్తకుండా, ముంబై ఆగిపోతే నీ లాగిన్ ఏమవుతుందని అడగండి. అర్థం కాకపోయినా చివరిదాకా వినండి. ఆ జవాబునే ఒక పేజీలో రాసి నాకు పంపమనండి, బయోడేటాలో దాన్ని ఎక్కడ పెట్టాలో అతనితో కూర్చుని చూస్తాను.