దేవుడి పేరుతో ద్వేషం చల్లేవాళ్ళ విషయంలో క్రైస్తవులు ఏం చెయ్యాలి? "వాళ్ళు అసలు మావాళ్ళే కాదు" అంటే సరిపోదా?

సరిపోదండి. నేనూ చాలా ఏళ్ళు సరిపోతుందనే అనుకున్నాను. మా ఊళ్ళో ఒక రాత్రి జరిగినదాంతో ఆ మాట నోట్లోనే ఆగిపోయింది. అదే చెప్తాను.

మాది పశ్చిమ గోదావరిలో వశిష్ఠ గోదావరి గట్టుకి దగ్గర్లో ఒక పల్లె. కాలువకి ఇటు మా పేట, లూథరన్ చర్చి. వంతెన దాటితే రామాలయం, పెద్దిళ్ళు. మైకు పెడితే ఇక్కడిది అక్కడికి, అక్కడిది ఇక్కడికి వినపడాల్సిందే. ధనుర్మాసంలో తెల్లవారుజామునే వాళ్ళ తిరుప్పావై మమ్మల్ని లేపుతుంది. అదే నెలలో అర్ధరాత్రి దాకా మా క్రిస్మస్ పాటలు వాళ్ళని పడుకోనివ్వవు. ఇన్నేళ్ళలో దీని మీద సణుగుళ్ళే గానీ గొడవ ఎప్పుడూ రాలేదు.

ఏడెనిమిదేళ్ళ కిందట, సంక్రాంతి వెళ్ళాక దాళ్వా (రెండో పంట) నాట్లు ముగిసే రోజుల్లో, మా చర్చి ముందు మూడు రాత్రులు ఉజ్జీవ సభలు పెట్టారు. యూత్ వాళ్ళు బయట నుంచి ఒక ప్రసంగీకుణ్ణి పిలిచారు. ముప్పై ఏళ్ళు కూడా ఉండవు. మంచి గొంతు, యూట్యూబులో పేరుంది. రెండో రాత్రి బైబిల్లో ఏలీయా ప్రవక్త, బయలు అనే దేవుడి ప్రవక్తలు, కర్మెలు కొండ మీద ఆకాశం నుంచి దిగిన అగ్ని గురించి మొదలుపెట్టాడు. అంతవరకు బాగానే ఉంది. ఉన్నట్టుండి వంతెన అవతలకి చెయ్యి చూపించి, ఆ గుడిలో దేవుడి గురించి ఒక మాట, ఆ దేవుణ్ణి కొలిచే ఆడవాళ్ళ గురించి ఇంకో మాట అన్నాడు. అవి ఇక్కడ రాయను. ముందు వరసల్లోంచి హల్లెలూయా అని కేకలు లేచాయి. నేను మూడో వరసలో ఉన్నాను. నేను కేక వెయ్యలేదు. కానీ లేచి వెళ్ళిపోలేదు కూడా. ఇప్పటికీ నాకు గుచ్చుకునేది ఆ రెండోదే.

పన్నెండయ్యేసరికి వీడియో వాట్సాపులో ఊరంతా తిరిగింది. పొద్దున్న వంతెన మీద కుర్రాళ్ళు గుంపుగా నిలబడ్డారు. పేటలో అందరికీ టెన్షన్. పిల్లల్ని బడికి పంపలేదు.

సంఘ పెద్దలు మా పెదనాన్న ఇంట్లో కూర్చున్నారు. ఆయన రిటైరైన హెడ్మాస్టరు. ఊళ్ళో సగం మందికి అక్షరాలు ఆయనే దిద్దించారు. ఒకరన్నారు, "అతను మన మిషనే కాదు కదా మాస్టారూ, ఇండిపెండెంటు. మనకేం సంబంధం?" ఇంకొకరు, ఫ్లెక్సీ తీసేసి మూడో రాత్రి సభ మానేస్తే అదే చల్లారుతుందన్నారు. పెదనాన్న ఒక్కటే అడిగారు: "మరి లూథరుగారు మన మిషనా, కాదా?"

సగం మందికి అర్థం కాలేదు. నాకూ తర్వాత ఆయన చెప్తేనే తెలిసింది. మా సంఘం పేరులోనే ఉన్న ఆ మనిషి, మార్టిన్ లూథరు, 1543లో యూదుల మీద ఒక పుస్తకం రాశాడు. వాళ్ళు ప్రార్థన చేసుకునే సమాజమందిరాలు తగలబెట్టమని, ఇళ్ళు కూల్చమని, ప్రార్థన పుస్తకాలు లాక్కోమని అందులో సలహాలిచ్చాడు. నాలుగొందల ఏళ్ళ తర్వాత నాజీలు ఆ పుస్తకాన్ని బాగానే వాడుకున్నారు. రాజమండ్రి వైపు మిషనరీలను పంపిన అమెరికా లూథరన్ సంఘాలన్నీ కలిసి ఇప్పుడు ఒకే పెద్ద సంఘంగా ఉన్నాయి. ఆ సంఘం 1994లో లూథరు రాసిన ఆ మాటల్ని మేం తిరస్కరిస్తున్నాం, వాటి వల్ల జరిగినదానికి దుఃఖిస్తున్నాం అని యూదులకు బహిరంగంగా చెప్పింది. లూథరు మావాడు కాదని అనలేదు చూడండి. మావాడే, ఆ మాట తప్పు అన్నారు. మా చిన్నప్పుడు సండే స్కూల్లో లూథరుని తలుచుకునే సంస్కరణ పండుగ ప్రతి ఏడూ చేశాం గానీ ఈ సంగతి ఒక్కరూ చెప్పలేదు.

ఎవరో చిన్న గుంపే కదా, దానికింత రాద్ధాంతమా అనేవాళ్ళకి ఒక్కటి గుర్తు చేస్తాను. ఫ్లోరిడాలో టెర్రీ జోన్స్ అనే పాస్టరుకి అప్పట్లో ఉన్న సంఘం మహా అయితే యాభై మంది. 2011 మార్చిలో ఖురాన్ మీద విచారణ అని ఒక నాటకం ఆడి చర్చిలోనే దాన్ని కాల్పించాడు. రెండు వారాలు తిరక్కుండా ఏప్రిల్ 1న అఫ్ఘనిస్తాన్‌లోని మజారె షరీఫ్‌లో అల్లరి మూక ఐక్యరాజ్య సమితి ఆఫీసు మీద పడింది. కాపలా కాస్తున్న నలుగురు నేపాలీలతో సహా ఏడుగురు ఉద్యోగుల్ని చంపేసింది. చంపినవాళ్ళదే ఆ పాపం, అందులో నాకు అనుమానం లేదు. కానీ ఆ నేపాలీ కుటుంబాల దగ్గరికి వెళ్ళి "ఆ పాస్టరు మా మిషను కాదండి" అంటే ఆ మాట ఎవరికి పనికొస్తుంది?

పెదనాన్న పదింటికి వంతెన దాటి గుడి కమిటీ పెద్దాయన ఇంటికి వెళ్ళారు. నన్నూ తమ్ముణ్ణీ కూడా తీసుకెళ్ళారు. బయల్దేరే ముందు పెద్దమ్మ గుమ్మంలో ఆపి, "నిలబడి చెప్పకండి. కూర్చోమంటేనే చెప్పండి, లేకపోతే వచ్చెయ్యండి" అంది. మా ప్రాంతం తెలిసినవాళ్ళకి దీని అర్థం వేరే చెప్పక్కర్లేదు. మా తాత ఆ అరుగు కింద చెప్పులు చేత్తో పట్టుకుని నిలబడిన రోజులు పెద్దమ్మకి తెలుసు. మా యూత్ అభ్యంతరం కూడా అదే. "మళ్ళీ మనమే వెళ్ళి తలొంచాలా?" అని వాళ్ళు అడిగినదాంట్లో తప్పేం లేదు. క్షమాపణ అడగడం ఒకటి, పాత అణకువ ఇంకొకటి. దూరం నుంచి చూస్తే రెండూ ఒకేలా కనిపిస్తాయి.

పెద్దాయన అరుగు మీదే ఉన్నారు. "రండి మాస్టారూ, కూర్చోండి" అన్నారు. పెదనాన్న కుర్చీలో కూర్చున్నాకే నోరు తెరిచారు. "రాత్రి మైకులో మీ దేవుడి గురించి, మీ ఇంటి ఆడవాళ్ళ గురించి అన్న మాటలు తప్పండి. అన్నవాడు మావాడే. పిలిచింది మేమే, స్టేజీ కట్టింది మేమే, విన్నదీ మేమే. ఆపలేకపోయాం. క్షమించమని అడగడానికి వచ్చాను." అంతే. "కానీ" అని ఒక్క వాక్యం కలపలేదు. మీవాళ్ళు కూడా ఫలానా అప్పుడు అలా అన్నారని లెక్క తియ్యలేదు.

చాలాసేపు ఎవరూ మాట్లాడలేదు. కాఫీ వచ్చింది. పెద్దాయన 86 గోదావరి వరద సంగతి ఎత్తారు. ఆ ఆగస్టులో పేట మునిగితే మేమంతా నాలుగు రాత్రులు ఆ ఇంటి వసారాలోనే ఉన్నాం. నేను చిన్నపిల్లని, అయినా గుర్తుంది. మాకు అన్నం పెట్టారు. గ్లాసులు మాత్రం వేరే పెట్టారు. అదీ నిజం, ఇదీ నిజం. ఆ రోజు కాఫీ అందరికీ ఒకే రకం కప్పుల్లో వచ్చిందని తమ్ముడు దారిలో అన్నాడు. వచ్చేటప్పుడు పెద్దాయన అన్నది ఇది: "కుర్రాళ్ళు ఉడుకుతున్నారు మాస్టారూ. నా చేతనైనంత చూస్తాను."

ఆయన చేతనైనంత చూసినా అక్కడితో చల్లారలేదు. రెండు రోజుల తర్వాత రాత్రి చర్చి కమాను మీద సీరియల్ లైట్లు తెంపేశారు, బోర్డు మీద పేడ కొట్టారు. ఇంకేం, మా యూత్ భగ్గుమన్నారు. క్షమాపణ అడిగినందుకు దక్కింది ఇదా అని. పెదనాన్న బోర్డు కడగనివ్వకుండా ముందు ఫొటోలు తీయించి, స్టేషనుకి వెళ్ళి కాగితం ఇచ్చారు. సాయంత్రం దాకా బెంచీ మీద కూర్చోబెట్టారు, అది వేరే సంగతి. "క్షమించేవాళ్ళం కేసెందుకు పెడుతున్నాం?" అని నేనే అడిగాను. "మన తప్పుకి మనం క్షమాపణ అడిగాం. వాళ్ళ తప్పుకి చట్టం ఉంది. ఈ రెండింటినీ కలిపి వండకు" అన్నారు.

ఇక్కడ గ్లాడిస్ స్టెయిన్స్ గారి గురించి చెప్పాలి. ఎందుకంటే మన పాస్టర్లు ఆవిడ పేరు చెప్పి బాధితుల నోరు నొక్కడం నేను చూశాను. 1999 జనవరిలో ఒడిశాలోని మనోహర్‌పూర్‌లో ఆవిడ భర్త, ఆస్ట్రేలియా మిషనరీ గ్రాహమ్‌ని, కొడుకులు పదేళ్ళ ఫిలిప్‌ని, ఆరేళ్ళ తిమోతిని జీపులో నిద్రపోతుండగా తగలబెట్టారు. చేసినవాళ్ళూ తమ ధర్మం కోసమే అనుకున్నారు. ఆవిడ క్షమించానని చెప్పి, మిగిలిన కూతురితో బారిపదాలోనే ఉండి కుష్ఠు రోగుల ఆశ్రమం పని చూసుకున్నారు. ఆవిడ క్షమించినందుకు కోర్టు ఆగలేదు. ముఖ్య దోషి దారా సింగ్‌కి 2003లో ఉరిశిక్ష పడింది, 2005లో హైకోర్టు యావజ్జీవంగా మార్చింది, 2011లో సుప్రీంకోర్టు దాన్నే ఖాయం చేసింది. క్షమించడం ఆవిడ ఇష్టం, కాలింది ఆవిడ మనుషులు కాబట్టి ఆవిడ క్షమించగలిగారు. కాలినవాళ్ళని ఇంకొకరు కూర్చోబెట్టి "నువ్వూ అలా ఉండాలి" అంటే అది సువార్త కాదని నా అభిప్రాయం.

పెదనాన్న చేసినదాంట్లో అందరికీ తెలియనిది ఇంకొకటుంది. అది వంతెన దాటడం కన్నా కష్టం. ఆ ప్రసంగీకుణ్ణి మళ్ళీ పిలిచారు. స్టేజీకి కాదు, భోజనానికి. పెద్దమ్మ కొరమీను పులుసు పెట్టింది, మొహం మాత్రం ముడుచుకునే వడ్డించింది. తినడం అయ్యాక పెదనాన్న మెల్లగా అడిగారు:

"ఏలీయా గురించి బాగా చెప్పావు బాబూ. మరి సమరయుల ఊరివాళ్ళు ప్రభువుని చేర్చుకోనప్పుడు, ఆకాశం నుంచి అగ్ని కురిపిద్దామా అన్నదెవరు?"

"యాకోబు, యోహాను."

"ప్రభువు ఎవర్ని గద్దించాడు? సమరయుల్నా?"

అతను కాసేపు కంచం వైపే చూశాడు. "శిష్యుల్నండి" అన్నాడు.

తర్వాత చాలా చెప్పాడు. అతని సొంత ఊళ్ళో వాళ్ళ నాన్న వేసుకున్న ప్రార్థన పాకని ఒక రాత్రి పీకేశారట. అప్పటికి అతనికి పన్నెండేళ్ళు. ఆ కోపం అతని గొంతులో ఉందని, హల్లెలూయా అని మేం వేసిన కేకలు దానికి నెయ్యి పోశాయని ఆ రోజు నాకు అర్థమైంది. అతను ఏడ్చాడనో మారిపోయాడనో రాస్తే అబద్ధమవుతుంది. ఆడవాళ్ళ గురించి అన్నది మాత్రం తప్పని ఒప్పుకున్నాడు. దేవుడి గురించి అన్నది సత్యమేనన్నాడు. "సత్యమని నువ్వు నమ్మేది చెప్పు, ఎవరు వద్దన్నారు? చెయ్యి చూపించి తిట్టడమెందుకు?" అని పెదనాన్న అన్నారు. జవాబు రాలేదు.

అలాంటివాణ్ణి ఇంటికి పిలిచి పులుసు పెట్టడమేమిటని సంఘంలో కొందరు గొణిగారు. నేనూ గొణిగాను. కానీ తర్వాత పౌలుగా పేరుపడ్డ సౌలు కథ తెలిసినవాళ్ళం మనం. స్తెఫనుని రాళ్ళతో కొట్టి చంపుతుంటే సరేనన్నవాడు, విశ్వాసుల్ని కట్టి తేవడానికి దమస్కుకి బయల్దేరినవాడు. అదంతా దేవుడి కోసమే అనుకున్నాడు కూడా. అతనున్న ఇంటికి వెళ్ళాల్సి వచ్చినప్పుడు దమస్కులో ఉండే శిష్యుడు అననీయ భయపడ్డాడు. వెళ్ళాక మాత్రం మొదట పిలిచిన పిలుపు సహోదరుడా అని. ప్రభువు చెప్పిన మాట తప్ప, ఆ మతోన్మాది మారాడన్న రుజువేదీ కళ్ళారా చూడకుండానే అలా పిలిచాడు. మనం ఆదివారం చదువుకునే ఉత్తరాల్లో ఎన్నో ఆ మనిషి రాసినవే. "మావాడు కాదు" అని అననీయ ఇంట్లోనే కూర్చుని ఉంటే?

మీరు ఏం చెయ్యాలని అడిగారు కాబట్టి మా సంఘం ఆ తర్వాత చేసినవి రెండు ముక్కల్లో చెప్తాను. బయటి ప్రసంగీకుణ్ణి పిలిస్తే ముందు పెద్దలు అతనితో కూర్చుని మాట్లాడాలని రాసుకున్నాం. స్టేజీ మీద హద్దు దాటితే మైకు ఆపే బాధ్యత ఒకరికి పేరు పెట్టి అప్పగించాం. మొదటి రెండేళ్ళూ ఆ పని నాకే పడింది. ఒకసారి ఆపాల్సి వచ్చింది కూడా. కరెంటు పోయిందని అబద్ధం చెప్పాను, ధైర్యం చాలక.

పెదనాన్న ఇప్పుడు లేరు. పోయిన క్రిస్మస్‌కి ఆ పాత వీడియో ముక్కే మళ్ళీ మా చుట్టాల గ్రూపులో వచ్చింది. పెట్టినవాడు గుడివైపు వాడు కాదు, మా పిన్ని మనవడు. కింద నిప్పు బొమ్మలు పెట్టి "సింహంలా చెప్పాడు" అని రాశాడు. గ్రూపులో జవాబు రాయబోయి మానేశాను. ఫోన్ చేస్తే మొదటిసారి ఎత్తి, తర్వాత మాట్లాడతానన్నాడు. రెండోసారి ఎత్తలేదు. వాడు భీమవరంలో రొయ్యల ఫీడు కొట్లో పని చేస్తున్నాడు. వచ్చే ఆదివారం ఆరాధన అయ్యాక బస్సెక్కి వెళ్ళి వద్దామనుకుంటున్నాను.